ఎత్తి పోసిన చెంబు

పాత ఇత్తడి సామాను చూసి మురిసిపోయేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఈమధ్య మరీ ఎక్కువైపోయేరు. పెళ్ళి హాలుకెళ్తే గుమ్మంలో గంగాళం, అందులో పువ్వులు. విశాఖపట్నంలో ఓ హోటలుకెళ్తే బల్లకో చెంబు, అందులో గులాబీలు. మా స్కూల్లో లెక్కల టీచరు ఇంటికి భోజనానికెళ్తే టీవీ పక్కన చెంబు, అందులో మనీప్లాంటు. పైగా ఒక ఉపన్యాసం. ఫోన్లు ఏడాది తిరక్కుండా పాతబడిపోతాయి, కార్లు పాతబడిపోతాయి, ఈ చెంబు చూడండి, తాతముత్తాతల నాడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది, ఎవరు తయారుచేసేరో గానీ మహానుభావులు అని. నేను తలూపి అన్నం తిని వచ్చేసేను.

మహానుభావులే, నేనూ కాదనను. ఒక వస్తువు పాతబడకుండా ఉండాలంటే దాన్ని ఎవరికోసం చేసేరో వాళ్ళ అవసరం పాతబడకూడదు. అంతే సంగతి. చెంబునే చూడండి. కింద గుండ్రటి పొట్ట, నీళ్ళు పట్టడానికి. పైన సన్నటి మెడ, వేళ్ళు చుట్టూ తిరిగి పట్టు దొరకడానికి. ఆ పైన బయటికి విచ్చుకున్న పెదవి. ఆ పెదవి అలా విచ్చుకుని ఉండబట్టే నీళ్ళు ధార కట్టి ముందుకి పడతాయి, చెంబు ఒంటి మీదకి వెనక్కి జారవు. గ్లాసుతో ఎత్తి పోసి చూడండి, సగం మీ మోచేతి మీదకే వస్తాయి. అదే చెంబుతో అయితే ఒక మనిషి అరుగు మీద నిలబడి, కింద వంగి ఉన్న ఇంకో మనిషి దోసిట్లోకి, ఆ మనిషి గాలి కూడా తగలకుండా పొయ్యొచ్చు. నీళ్ళిచ్చినట్టూ ఉంటుంది, దూరం ఉంచినట్టూ ఉంటుంది. నేను చూసిన దోసిలి మా అమ్మది.

మాది అనకాపల్లి నుంచి కొండకర్ల వెళ్ళే దారిలో ఓ ఊరు. ఊరంటే ఊరు కాదు, ఊరికి అవతల మా పేట. మేము తగిలితే ఊళ్ళోవాళ్ళు స్నానం చేసేవారు, అలాంటి కులం మాది. చెరకు కోతల కాలమంతా మా అమ్మ ఒక రైతు బెల్లం వండే చోట పనికెళ్ళేది. పెద్ద పెనంలో చెరకు రసం కుతకుతలాడుతుంటే, పొయ్యి మూతి దగ్గర గొంతుక్కూర్చుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండిన చెరకు పిప్పి లోపలికి ఎగదోస్తూ ఉండాలి. నేను బడి ఎగ్గొట్టి పక్కన కూర్చునేదాన్ని. పక్కన కూర్చున్న నాకే నాలుక అంగిలికి అతుక్కుపోయేది, ఇంక అమ్మ సంగతి చెప్పక్కర్లేదు.

ఆ రైతు భార్యని అందరూ అమ్మగారనేవారు. నేను మాత్రం ఇక్కడ ఆవిడ అనే రాస్తాను. అమ్మ అన్న మాట ఆవిడకివ్వడం నాకిష్టం లేదు.

దాహం వేస్తే అమ్మ పెరటి అరుగు కిందకెళ్ళి నిలబడేది. పిలవకూడదు, ఓసారి దగ్గి ఊరుకోవాలి. ఆవిడకి తీరికైనప్పుడు చెంబు పట్టుకుని అరుగు మీదకి వచ్చేది. అమ్మ ముందుకి వంగి, రెండు అరచేతులూ కలిపి నోటికి ఆనించుకుని, మోచేతులు పైకెత్తేది. ఎత్తకపోతే నీళ్ళు చేతుల వెంట జారి రవికంతా తడిసిపోతుంది. చాలు అని చెప్పడానికి నోరు ఖాళీ ఉండదు, చేతులూ ఖాళీ ఉండవు. అందుకని తల పక్కకి తిప్పాలి. ఆలస్యంగా తిప్పితే నీళ్ళు ముక్కులోకి పోతాయి, ముందే తిప్పేస్తే మళ్ళీ పొయ్యరు. మా పేట పిల్లలకి నడకతో పాటు ఇదీ వచ్చేసేది. నాకెవరైనా నేర్పినట్టు గుర్తు కూడా లేదు.

ఆవిడ పొయ్యడంలో మాత్రం గట్టిది, ఆ మాట చెప్పుకోవాలి. ధార సన్నమూ కాదు, లావూ కాదు. ఎంత ఎత్తు నుంచి పోసినా గురి తప్పేది కాదు. ఇంట్లో మొగుడి మీదో కోడలి మీదో కోపం వచ్చిన రోజున చెయ్యి ఇంకొంచెం పైకి లేపేది, అప్పుడు ధార వేగం పెరిగి అమ్మ ఉక్కిరిబిక్కిరయ్యేది. ఆవిడ మొహంలో మార్పేమీ ఉండేది కాదు. మొక్కకి నీళ్ళు పోస్తున్నప్పుడు మనం మొక్క మొహం చూస్తామా, అలాగే ఎటో చూస్తూ పోసేది.

ఇదే అమ్మ, వంట దిగేక, వేడి బెల్లాన్ని చేతులతోనే ఒత్తి దిమ్మలు కట్టేది. ఆ బెల్లం ఆవిడ వంటింట్లోకి వెళ్ళేది, ఆవిడ దేవుడి ముందుకీ వెళ్ళేది. బెల్లానికి అంటని మైల ఇత్తడికి ఎలా అంటుతుందో నాకు చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు. పెద్దయ్యేక కూడా అర్థం కాలేదనుకోండి. ఓసారి అమ్మని అడిగితే, పని దగ్గర ఇలాంటి కూతలు కుయ్యొద్దని నెత్తి మీద ఒకటి మొట్టింది.

నేను చదువుకున్నాను. ఎన్ని తిప్పలు పడి చదివేనో ఆ గోల ఇక్కడొద్దు. అనకాపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచరుగా చేరిన మొదటి రోజు సంగతి మాత్రం చెప్పాలి. ఇస్త్రీ చీర కట్టుకుని, జడ బిగించి, స్టాఫ్ రూములో దర్జాగా కూర్చున్నాను. అటెండరు జగ్గు పట్టుకుని వచ్చి, నా ముందున్న గ్లాసులో నీళ్ళు పొయ్యడానికి జగ్గు వంచేడు. అంతే. వంగిన జగ్గుని చూడగానే నా రెండు చేతులూ వాటంతటవే లేచి దోసిలైపోయేయి. తల వంగిపోయింది. మోచేతులు లేచిపోయేయి. గదిలో ఉన్నవాళ్ళందరూ మాటలాపి నన్నే చూసేరు.

నాకు తల కొట్టేసినట్టయింది. పక్కనున్న సైన్సు మాస్టారు, చేతులు కడుక్కుంటారా మేడం అని అడిగేడు. అవునన్నాను. ఇంకేటనగలను? అటెండరు చెత్తబుట్ట నా ముందుకి జరిపి, తాగే నీళ్ళు నా చేతుల మీద పోసేడు. గొంతు ఎండిపోతోంది. ఆ నీళ్ళతోనే వేలు వేలూ రుద్దుకుని శుభ్రంగా చేతులు కడుక్కున్నాను.

ఇంటికెళ్ళి అమ్మకి చెప్పి ఏడిచేను. అమ్మ ఓదారుస్తుందనుకుంటే పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, మోచేతులైనా సరిగ్గా ఎత్తేవా లేదా అని అడిగింది.

తర్వాత అమ్మని నా దగ్గరికే తెచ్చేసుకున్నాను. నాకు పెళ్ళీ పెటాకులూ లేవు, అద్దిల్లు, ఇద్దరం. కొన్నాళ్ళు బాగానే గడిచింది. ఆ తర్వాత అమ్మకి కిడ్నీలు పోయేయి. రోజు విడిచి రోజు ఆటోలో ఆస్పత్రికి, డయాలసిస్‌కి. దానికోసం ఎడమ చేతికి ఏదో ఆపరేషన్ చేసి నరాన్ని పైకి తెచ్చేరు. ఆ చెయ్యి ఉబ్బి, చర్మం కింద తాడు చుట్టినట్టు అయిపోయింది. వేళ్ళు సరిగ్గా దగ్గరికొచ్చేవి కాదు.

సూదులు, ఆటో కుదుపులు, అవన్నీ అమ్మ ఓర్చుకుంది. నీళ్ళే ఓర్చుకోలేకపోయింది. డాక్టరు ఒక చిన్న సీసా చూపించి, రోజు మొత్తానికి ఇంతే, ఇది దాటితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిపోతుంది అని చెప్పేడు. మంచి కుర్రాడే, నెమ్మదిగానే చెప్పేడు. అనకాపల్లి ఎండల్లో ఆ సీసాతో ఒక్క రోజు గడిపి చూస్తే తెలిసేది ఆయనకి.

అమ్మ దొంగతనాలు మొదలెట్టింది. తడిగుడ్డ నోట్లో పెట్టుకుని చప్పరించేది. బాత్రూంలోకెళ్ళి గడియ పెట్టుకునేది. పక్కింటి మోటారు ఆన్ అయితే చెవులు రిక్కించి అది ఆగేదాకా వినేది. నేను ఫ్రిజ్‌కి తాళం వేసేను, బాత్రూం గడియ పీకించేసేను. సీసా నా దగ్గరే పెట్టుకుని గుక్కగుక్క లెక్కన ఇచ్చేదాన్ని. అమ్మ నన్ను తిట్టని తిట్టు లేదు. నా కడుపున పుట్టిన శని అంది. నేనూ ఊరుకోలేదు, చావాలనుంటే ఓ బిందె తెచ్చి ముందు పెడతాను తాగి చావు అన్నాను. ఇద్దరం గట్టి నోరే.

ఒక రోజు మధ్యాహ్నం, ఆస్పత్రి నుంచి వచ్చి మంచం మీద పడుకున్నాక, అమ్మ గోడకేసి తిరిగి అడిగింది.

"అమ్మీ, ఆ సెంబు ఇంకా ఉంటాదేటే?"

ఏ చెంబని నేను అడగలేదు. ఇంట్లో మేం ఎప్పుడూ ఆ మాట ఎత్తేవాళ్ళం కాదు, అయినా ఇద్దరికీ తెలుసు.

"ఓపాలి దానికి నోరెట్టుకుని తాగాలనుందే," అంది. "ఎవుళూ పైనుంచి పొయ్యకుండా, నా సేత్తో నేనే ఎత్తుకుని తాగాల. ఒక్కపాలి. ఆ తరవాత సచ్చిపోయినా పరవాలేదు."

పోయేముందు మనిషికి కోరికలే కరువా? తిరుపతి చూస్తానంటే తీసుకెళ్తాను, రాజయ్యపేట నుంచి మంచి చేపలు తెప్పించి పులుసు పెట్టమంటే డాక్టరుతో దెబ్బలాడైనా పెడతాను. ఈ మనిషికి ఆ దిక్కుమాలిన చెంబు కావాలట. అరిచేను. కాసేపు పోయేక వంటింట్లోకెళ్ళి ఏడిచేను. మర్నాడు బజారుకెళ్ళి, నాలుగు కొట్లు తిరిగి, చూడ్డానికి అచ్చం అలాగే ఉన్న కొత్త ఇత్తడి చెంబు కొని తెచ్చేను.

అమ్మ దాన్ని చేత్తో ఇటూ అటూ తిప్పి చూసింది. అంచు మీద వేలు రాసింది. ఇది కాదు, దీని పెదవి మందం, నీళ్ళు కారిపోతాయి అంది. నోరు పెట్టుకుని తాగేదానికి నీళ్ళెక్కడ కారితే ఏటని నేను. ఇది ఆయమ్మది కాదు కదే అని అమ్మ. అప్పుడు నాకు తెలిసింది, అమ్మకి కావలసింది ఇత్తడి కాదు. ఏ అంచు నుంచి తనని అంత దూరం ఉంచేరో ఆ అంచునే తన నోటికి ఆనించుకోవాలి. నాక్కూడా అప్పటినుంచి పట్టుదల వచ్చింది. ఆ చెంబు తెచ్చి తీరాలి, అమ్మ బతికుండగా తేవాలి.

ఆదివారం స్కూటీ మీద ఊరెళ్ళేను. నాకు తెలీకుండానే బండి పెరటి వైపు సందులోకి తిప్పేను. నన్ను నేను తిట్టుకుని వెనక్కొచ్చి, వీధి గుమ్మంలోంచి లోపలికెళ్ళేను. బెల్లం వంట మానేసి చాలా కాలమైనట్టుంది, పెనం తుప్పు పట్టి బోర్లా పడుంది. హాల్లో ఆవిడ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. మోకాళ్ళు పోయేయి గానీ చూపు పోలేదు, నన్ను ఇట్టే పోల్చుకుంది. టీచరుద్యోగమటగా, బాగా ఒళ్ళు చేసేవే అంది. ఇంట్లో ఇంకో కోడలు, చిన్న కొడుకు భార్య కాబోలు, చదువుకున్న పిల్ల. నన్ను మేడం అని పిలిచి కుర్చీ వేసింది. అక్కడే వాళ్ళ చుట్టం ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఆ పిల్ల మా ఇద్దరికీ నీళ్ళు తెచ్చింది. ఆయనకి స్టీలు గ్లాసు, నాకు పేపరు గ్లాసు.

పేపరు గ్లాసుల దొంతర ఫ్రిజ్ మీద ఉంది. ఎవరినీ ఏమీ అన్నట్టుండదు. తాగేక నలిపి పారెయ్యడమే, కడగక్కర్లేదు. ఎత్తి పోసి చెయ్యి నొప్పెట్టుకోనక్కర్లేదు. లెక్కల టీచరు మెచ్చుకున్న మహానుభావులు ఈ కాలంలో ఉంటే కచ్చితంగా దీన్నే తయారుచేసేవారు. విసిరికొడదామన్నంత కోపం వచ్చింది. ఎండలో పడి వచ్చేను, గొంతు పిడచకట్టుకుపోయి ఉంది. తాగేను. ఇంకో గ్లాసు కావాలని అడిగి మరీ తాగేను.

చెంబు టీవీ పక్కనే ఉంది. ఈ మనీప్లాంటు పిచ్చి ఊళ్ళక్కూడా పాకినట్టుంది. దాన్ని కొంటానన్నాను, ఎంతంటే అంత ఇస్తానన్నాను. ఆవిడ అది వాళ్ళ అత్తగారి నాటిదని చెప్పి, దేనికే అని అడిగింది. పూజకని అబద్ధమాడొచ్చు. ఆడబుద్ధి కాలేదు. అమ్మకి కిడ్నీలు పోయేయి, ఎన్నాళ్ళో ఉండదు, ఆ చెంబుకి నోరు పెట్టుకుని నీళ్ళు తాగాలని ఉందట అని ఆవిడ కళ్ళలోకి చూసి చెప్పేను. స్టీలు గ్లాసాయన తాగడం ఆపేసేడు.

ఆవిడ తిడుతుందనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను కూడా, చిన్నప్పటినుంచీ దాచుకున్న మాటలన్నీ నాలుక చివరే ఉన్నాయి. ఆవిడ గొంతు పెంచలేదు.

"నోరెట్టుకుని తాగుతాదా?" అంది. "అయితే అట్టుకెల్లిపో. డబ్బులేటీ వద్దు. మల్లీ మాత్తరం తేకు."

కోడలు మొక్క పీకి పక్కన పెట్టి, పాత నీళ్ళు పారబోసి, చెంబు తెచ్చి గుమ్మంలో మెట్టు మీద పెట్టింది. నా చేతికివ్వలేదు. నేను వంగి తీసుకున్నాను. దాచుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. థాంక్సండీ అన్నాను. దారి పొడుగునా ఆ ముక్క తలచుకుని నా చెంప నేనే పగలగొట్టుకుందామనిపించింది.

చింతపండు, ఇసక వేసి చెంబు తోమేను. లోపల కళాయి ఎప్పుడో పోయింది, పాచి పట్టి ఉంది. చేతులు మంట పుట్టేదాకా తోమితే బంగారంలా మెరిసింది. అమ్మ మంచం మీంచి చూస్తూ, అడుగున సొట్ట ఉందా అని అడిగింది. ఉంది. అదే, అదే అంది. చాలా రోజుల తర్వాత ఆ మొహంలో సంతోషం చూసేను.

మర్నాడు పొద్దున్నుంచీ అమ్మ ఒక్క గుక్క కూడా తాగలేదు. ఆ రోజు సీసా మొత్తం ఒకేసారి తాగుతానంది. మధ్యాహ్నానికి పెదాలు పగిలిపోయేయి, మాట రావట్లేదు, అయినా పంతం. ఎండ నడినెత్తికి వచ్చేక సీసా చెంబులోకి వంపేను. పొట్టలో సగానిక్కూడా రాలేదు. అమ్మ లేచి కూర్చుని, చీర సర్దుకుని, రెండు చేతులతో చెంబు అందుకుంది.

పెదవుల దాకా తెచ్చుకుంది. అక్కడ ఆగింది. కొంగుతో చెంబు అంచు తుడిచింది. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ ఆగింది. తాగమ్మా అన్నాను. అమ్మ చెంబు లోపలున్న నీళ్ళకేసి, అంచుకేసి మార్చి మార్చి చూసింది. మూడోసారి ఎత్తినప్పుడు అంచు దాదాపు తగిలింది. చురుక్కుమన్నట్టు మొహం వెనక్కి లాక్కుంది.

"ఆనట్లేదే," అంది.

చెంబు నా చేతికిచ్చేసింది. మంచం మీంచి మెల్లగా కిందకి దిగి, గచ్చు మీద గొంతుక్కూర్చుంది. రెండు చేతులూ కలిపి నోటికి ఆనించుకుని, మోచేతులెత్తి, తల వంచింది.

నేను పొయ్యనన్నాను. దీనికోసమా నేను ఆ కొంపకెళ్ళి పేపరు గ్లాసులో తాగి వచ్చేను అని అరిచేను. బతిమాలేను. మన ఇల్లమ్మా ఇది, నన్ను చూడు, ఇక్కడ ఎవరూ లేరు అన్నాను. అమ్మ తల ఎత్తలేదు. దాహమేత్తంది, పొయ్యే అంది. ఆ గొంతు విన్నాక ఇంక నా వల్ల కాలేదు.

పోసేను. ఆ చెంబుతో నేనంతకు ముందెప్పుడూ నీళ్ళు పొయ్యలేదు, అయినా మెడ చుట్టూ నా వేళ్ళు సరిగ్గా కూర్చున్నాయి. ధార ఎక్కడా తెగలేదు. అమ్మ ఎడమ చేతి వేళ్ళే దగ్గరికి రాలేదు. ఉబ్బిన వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి, ఒళ్ళో పడి చీర తడిపేస్తున్నాయి, గచ్చు మీద మడుగు కడుతున్నాయి. ఆపితే తాగదు, పోస్తే నిలవవు. రోజు మొత్తానికి ఉన్న నీళ్ళు అవే. సగానికి పైగా నేలపాలయ్యేయి. చెంబు ఖాళీ అయ్యేక అమ్మ తడి అరచేతులు నాకి, గచ్చు మీది మడుగుకేసి చూసింది.

"ఆయమ్మయితే ఒక్క సుక్క కింద పడనిచ్చీది కాదు," అంది.

ఆ నెలలోనే అమ్మ పోయింది. చెంబు మళ్ళీ తేవద్దన్నారు కాబట్టి తీసుకెళ్ళలేదు. అమ్ముదామనిపించలేదు, ఎవడో కొని అందులో గులాబీలు పెడతాడు. తీసుకెళ్ళి దొడ్లో పెట్టేను, పాయిఖానాలో, కుళాయి కింద. ఇంటికొచ్చినవాళ్ళు చూసి, అయ్యో ఇంత మంచి పాతకాలపు చెంబు, షోకేసులో పెట్టుకోవలసింది పోయి ఇక్కడేటండీ అంటారు. ఉండనివ్వండి అంటాను. రోజూ వాడుతున్నాను. మెడ చేతికి సరిగ్గా అమరుతుంది, ధార పక్కకి పోదు, ఆ పనిక్కూడా దానికి వంక పెట్టడానికి లేదు.